కారు స్టీరియో ఎందుకు కాలుతుంది?



మన కడప జిల్లా ఎండల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు మామూలే. అట్లాంటి ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల వేడి 60 డిగ్రీలు కూడా దాటుతుంది. డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేము. ఆ డ్యాష్‌బోర్డు కడుపులోనే కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చిన స్టీరియో సెట్టు ఉంటుంది. "సెట్టు కాలిపోతాంది, పాట నడుమనే ఆగిపోతాంది" అంటూ ఎండాకాలంలో మెకానిక్కుల దగ్గరికి వచ్చే బండ్లకు లెక్క లేదు.

మా మేనమామ ప్రొద్దుటూరులో బండ్లకు వైరింగు పని చేస్తాడు. జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా పిలుపు వస్తే పోతాడు. సెలవుల్లో నేను ఆయన వెంట తిరిగి చూసినవి, అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మన ఫిజిక్సు పుస్తకంలోని ఓమ్ నియమం పరీక్షకు మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

వేడి యాడ పుడుతుంది?

సెట్టు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటంతా పాటగా మారదు. స్పీకర్లను ఆడించే ఐ.సి. అనే చిన్న నల్ల బిళ్ల లోపల ఉంటుంది. పాత పద్ధతి ఐ.సి.లలో వాల్యూం బాగా పెంచినా తీసుకున్న శక్తిలో దాదాపు సగం వేడిగానే పోతుంది. ఈ మధ్య వచ్చే 'డి క్లాస్' రకం వాటిలో వేడి చాలా తక్కువ.

ఆ వేడిని బయటికి లాగడానికి సెట్టు వెనక అల్యూమినియం దిమ్మె ఒకటి ఉంటుంది. దాన్ని హీట్ సింకు అంటారు. అది వేడెక్కుతోందంటే తన పని తాను చేస్తోందని అర్థం. కాబట్టి సెట్టు వెచ్చగా ఉండడం జబ్బు కాదు. చెయ్యి పెట్టి ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాల్సి వస్తే, లేదా పాట ఆగిపోయి చల్లబడినాక మళ్లీ వస్తే, అప్పుడు అనుమానించాలి. చాలా ఐ.సి.లు లోపల సుమారు 150 డిగ్రీలకు చేరితే తమంతట తామే ఆగిపోయేటట్లు తయారు చేసినారు. పాట ఆగిందంటే సెట్టు చెడిపోయిందని కాదు, తనను తాను కాపాడుకుంటోందని.

మధ్యాహ్నం కడప బండ మీద కూర్చున్న వాళ్లకు ఇంకొక సంగతి తెలుసు. బండ ఎండలో ఉన్నంతసేపు చల్లబడదు. హీట్ సింకు కూడా అంతే. చుట్టూ గాలి తనకంటే చల్లగా ఉంటేనే అది వేడిని వదలగలుగుతుంది. అందుకే ఎండలో నిలబెట్టిన కారెక్కిన వెంటనే పాట పెద్దగా పెట్టకూడదు. అద్దాలు దించి, లోపలి వేడిగాలి పోయినాక పెట్టాలి.

మూడు ఊర్లు, మూడు బండ్లు

మొదటిది ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి కారు. అరగంట పాట వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. విచారిస్తే, ఎవరో వెనక స్పీకర్ల తీగలకే ఇంకో రెండు స్పీకర్లు కలిపినారు. ఇక్కడ ఓమ్ నియమం పనికొస్తుంది. కారు స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓములు. రెండింటిని సమాంతరంగా కలిపితే 2 ఓములే అవుతుంది. సులువు కోసం 12 వోల్టులు అనుకుందాం. 12ను 4తో భాగిస్తే 3 ఆంపియర్లు, 2తో భాగిస్తే 6 ఆంపియర్లు. కరెంటు రెండింతలయింది. దానితో ఐ.సి. మీద బరువు కూడా రెండింతలయింది. మామ కొత్త స్పీకర్ల తీగలు విప్పి గంటసేపు పాట పెట్టినాడు. ఆగలేదు. "ఎద్దు ఒకటే, బండ్లు రెండు కడితే ఏమయితాది?" అన్నాడు. ఎక్కువ స్పీకర్లు కావాలంటే వేరే ఆంప్లిఫయరు పెట్టి, దానికి బ్యాటరీ దగ్గరినుంచే ఫ్యూజుతో వేరే తీగ లాగాలి.

రెండోది జమ్మలమడుగు దగ్గర ఒక జీపు. పల్లెల్లో మనుషులను ఎక్కించుకొని తిరిగే బండి. తాళం తీసేసినా సెట్టు వెచ్చగానే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది. మూడు రోజులు కదలకుండా ఉన్న తర్వాత ఒక రాత్రి కాన్పు నొప్పులొచ్చిన ఒకామెను ఎక్కించినారంట. బండి స్టార్టు కాలేదు. పదిమంది కలిసి నెట్టితే అప్పుడు కదిలింది. తల్లీబిడ్డా క్షేమం, కానీ పావుగంట ఆలస్యం. పాటల సెట్టే కదా అని మనం తేలిగ్గా అనుకుంటాము!

సెట్టుకు బ్యాటరీ వైపు నుంచి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది. గడియారం, స్టేషన్ల జ్ఞాపకం దీనివల్లే. రెండోది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. విడిగా అమ్మే సెట్లకు మొదటిది పసుపు, రెండోది ఎరుపు. కంపెనీ బండ్లలో రంగులు మారుతాయి, కాబట్టి రంగును నమ్మకుండా టెస్ట్ ల్యాంపుతో చూడాలి. ఈ జీపులో రెండు తీగలనూ ఒకటిగా మెలిపెట్టినారు. సెట్టుకు నిద్ర లేదు. మీటరు పెడితే అర ఆంపియరు పోతాంది. రోజుకు 24 గంటలు, అంటే 12 ఆంపియర్ గంటలు. మూడు రోజులకు 36. ఆ బ్యాటరీ 50 ఆంపియర్ గంటలది. ఇంక ఇంజన్ను తిప్పే బలం యాడుంటుంది?

అంతకంటే భయం కలిగించింది ఇంకొకటి. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట లావు రాగితీగ పెట్టినారు. దాని వెనక తీగ తొడుగు మెత్తబడి అంటుకొని ఉంది. 1841లో జౌల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం కరెంటు రెండింతలయితే తీగలో వేడి నాలుగింతలవుతుంది. ఫ్యూజు తాను కాలిపోయి బండిని కాపాడుతుంది. రాగితీగ తాను కాలదు, బండిని కాలుస్తుంది.

మూడోది పులివెందులలో ఒక కారు. సెట్టు మార్చాల్సిందే, వేలల్లో అవుతుందని ఎవరో చెప్పినారంట. మామ సెట్టు అసలు వేయకుండా అరగంట కారు తోలమన్నాడు. చూస్తే సెట్టు అట్లే కాలుతోంది! అంటే వేడి సెట్టుది కాదు. చలికాలం కోసం కార్లలో హీటరు ఉంటుంది. ఇంజను దగ్గరి వేడినీళ్లు, సుమారు 90 డిగ్రీలవి, డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటరులోకి వస్తాయి. ఆ కారులో నీళ్లను ఆపే వాల్వు కేబులు జారిపోయింది. ఎండాకాలంలో కూడా హీటరు నడుస్తానే ఉంది. కేబులు తగిలించినాక సెట్టు చల్లబడింది. కొత్త సెట్టు అక్కర లేకపోయింది.

కనుక్కునే వరుస

1. సెట్టు వేయకుండా బండి తోలి చూడాలి. అప్పుడు కూడా కాలితే వేడి బయటినుంచి వస్తోంది. తాళం తీసినాక గంటలకొద్దీ వెచ్చగా ఉంటే బ్యాటరీ తీగల జాడ చూడాలి.
2. వాల్యూం తగ్గించి అరగంట పెట్టాలి. పెద్దగా పెట్టినప్పుడే కాలితే స్పీకర్ల లెక్క చూడాలి.
3. స్పీకరు తీగలు విప్పి మీటరుతో ఓములు చూడాలి. 4 ఓముల స్పీకరు మీటరులో 3 చిల్లర చూపించినా సరే. 2 కంటే తక్కువ ఉంటే ఎక్కువ స్పీకర్లు కలిపినారు, లేదా తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి.
4. ఇప్పటి సెట్లలో స్పీకరు తీగ ఏదీ బండి ఇనుముకు తగలరాదు. తలుపు సందులో నలిగిన తీగలు ముందు చూడాలి.
5. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చిల్లర ఉండాలి. 15 దాటితే తప్పు ఛార్జింగుది.
6. ప్లగ్గు, ఎర్తు తీగ బిగువుగా ఉన్నాయా చూడాలి. వదులుగా ఉన్న చోట నిరోధం పెరిగి ఆ చోటే కాలుతుంది.
7. సెట్టు వెనక దుమ్ము, కాగితాలు, తీగల ఉండ ఉంటే తీసేయాలి. ఫ్యాను ఉన్న సెట్టయితే అది తిరుగుతోందో లేదో చూడాలి.

సెట్టు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. కొన్ని కంపెనీ సెట్లు మళ్లీ కరెంటు ఇస్తే రహస్య నంబరు అడుగుతాయి, అది ముందే రాసిపెట్టుకోవాలి. తడిగుడ్డ వేసి చల్లార్చరాదు. కాలిన వాసన వస్తే పరీక్షలు మాని, సెట్టు ఆపి, ఫ్యూజు పీకి, మెకానిక్కును పిలవాలి. మనలాంటి పిల్లలు పెద్దవాళ్లు పక్కన లేకుండా వీటి మీద చెయ్యి వేయకూడదు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. ఫ్యూజు మాట బండికే కాదు, హాస్టలు బోర్డుకు కూడా వర్తిస్తుంది. మన బోర్డులో ఎక్కడ ఎంత తీగ ఉండాలో ఒక కాగితం మీద రాయించి పక్కన అంటిస్తే అందరికీ మేలు.

ఇక మీకు ఒక ప్రశ్న: 4 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కాకుండా శ్రేణిలో కలిపితే సెట్టుకు కనిపించే నిరోధం ఎంత? సెట్టు వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? జవాబు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద ఉన్న పెట్టెలో వేయండి.

– 9వ తరగతి విద్యార్థి