ఒక్క బకెట్టు నీటితో వాహనమును శుభ్రపరచు విధానము

హైదరాబాదు నగరమున ఆబిడ్సు పెద్ద తపాలా కార్యాలయము నుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా నాంపల్లి రైల్వే స్టేషను వరకు ఉదయము పూట నడచి పోవువారికి ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. దుకాణములు ఇంకను తెరువబడి యుండవు. సందులలోను, ఇండ్ల ముంగిళ్ళలోను నిలిపిన కార్లను పనివారు శుభ్రపరచుచుందురు. కొందరు కుళాయికి గొట్టము తగిలించి నీరు పారింతురు. ఆ నీరు రోడ్డునకు అడ్డముగా ప్రవహించి మురుగు కాలువలో కలియును. మరికొందరు ఒకే బకెట్టు నీటితో, ఒకే పాత గుడ్డతో అనేకమైన కార్లను తుడిచి ముగింతురు. మొదటి పద్ధతిలో నీరు నష్టము. రెండవ పద్ధతిలో కారు రంగు నష్టము. ఈ రెండు నష్టములును లేని మార్గము ఒకటి కలదు. అది ఖరీదైనది కాదు, కష్టమైనదియు కాదు.

పట్టణమునందలి కార్ల సంగతి గ్రామ పంచాయతీ సభ్యులకు ఏల యని ప్రశ్న కలుగవచ్చును. దీనికి సమాధానము ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొన్నచో దొరకును.

ఆబిడ్సునకు నీరు ఎక్కడిది?

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన పెనువరద హైదరాబాదును ముంచివేసినది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలననుసరించి వరదను అరికట్టుటకును, నగరమునకు త్రాగునీరు ఇచ్చుటకును రెండు జలాశయములు నిర్మింపబడినవి. మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. జనసంఖ్య పెరిగిన కొలది ఆ నీరు చాలలేదు. 1965లో మంజీర నీరు వచ్చినది. తరువాత సింగూరు జలాశయము తోడైనది. 2004లో కృష్ణా జలములు, 2015లో ఎల్లంపల్లి నుండి గోదావరి జలములు నగరమును చేరినవి.

నాగార్జునసాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. కావున కృష్ణ నుండి వచ్చు ప్రతి బిందెడు నీటిని విద్యుత్తు సాయముతో మూడు వందల మీటర్లకు మించిన ఎత్తునకు పంపులు ఎత్తిపోయవలసి యున్నది. 2015-16 నాటి కరవులో గండిపేట, హిమాయత్ సాగర్, మంజీర, సింగూరు అడుగంటిపోగా కృష్ణా గోదావరులే నగరమును ఆదుకొన్నవి. నాంపల్లి వీధిలో కారుమీద పోసిన నీరు ఇట్లు పల్లెల నడుమనున్న నదులనుండి, పొలములకు సైతము అవసరమైన జలాశయములనుండి వచ్చినది. అది శుద్ధి చేయబడిన త్రాగునీరు.

పొరుగునున్న కర్ణాటక రాష్ట్రమున 2024 మార్చి నెలలో బెంగుళూరు జలమండలి, తీవ్రమైన నీటి ఎద్దడి కారణముగా, వాహనములు కడుగుటకు త్రాగునీరు వాడరాదని ఆజ్ఞాపించి, అతిక్రమించినవారికి 5,000 రూపాయల జరిమానా విధించినది. జరిమానా వచ్చిన పిదప నేర్చుకొనుటకంటె ముందుగా నేర్చుకొనుట మేలు.

గీతలు పడుటకు కారణము

మన దక్కను పీఠభూమి నల్లరాతి, ఎర్రరాతి నేల. ఇచటి దుమ్ములో పలుగురాతి రేణువులు హెచ్చుగా నుండును. పలుగురాయి గాజునే గీయగల కఠిన పదార్థము. కారు రంగుపైన రక్షణకై వేసిన పారదర్శకమైన పూత మందము సామాన్యముగా మనిషి వెండ్రుక మందమును మించదు. పొడిగుడ్డతో తుడిచినప్పుడు రేణువులు గుడ్డకును పూతకును నడుమ చిక్కి, గరుకు కాగితమువలె పనిచేయును. ఎండలో నిలిపిన కారుపై సాలెగూటివలె కానవచ్చు సన్నని గీతలు ఇట్లు ఏర్పడినవే. కనుక తక్కువ నీటితో శుభ్రపరచుటలోని కీలకమంతయు ఒక్క మాటలో నున్నది: రేణువును రుద్దరాదు, తడిపి, జారునట్లు చేసి, గుడ్డలోనికి ఎత్తుకొనవలెను.

కావలసిన వస్తువులు

ఏడెనిమిది లీటర్ల నీరు పట్టు బకెట్టు ఒకటి, ఒక లీటరు పట్టు చేతి స్ప్రేయరు ఒకటి, మైక్రోఫైబరు గుడ్డలు ఆరు లేక ఎనిమిది, ఆరబెట్టుటకు పెద్ద గుడ్డ ఒకటి. వీటితోపాటు, తుడిచిన పిమ్మట నీటితో కడుగ నవసరములేని రకపు కారు శుభ్రతా ద్రవము కావలెను. దీనిని సీసాపై వ్రాసిన మోతాదు ప్రకారమే కలుపవలెను. చాల రకములకు ఒక బకెట్టునకు ముప్పది మిల్లీలీటర్లు సరిపోవును. ఈ ద్రవము దుమ్ము రేణువును చుట్టుకొని, పూతపై జారునట్లు చేయును.

బట్టలు ఉతుకు పొడి, అంట్లు తోము సబ్బు వాడరాదు. అవి రంగుపైనున్న మైనపు పొరను తొలగించును; పైగా వాటిని కడిగివేయుటకు ఎక్కువ నీరు కావలెను. కిరోసిను రబ్బరును చెరచును. పొలమున పురుగు మందు చల్లిన స్ప్రేయరును ఎంత కడిగినను ఈ పనికి ఉపయోగింపరాదు. అందలి విషము చేతులకు, ఊపిరితిత్తులకు హాని చేయును.

చేయవలసిన పద్ధతి

వాహనమును నీడలో నిలిపి, ఇంజను చల్లారిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెను. హ్యాండు బ్రేకు వేయవలెను. రద్దీగల వీధిలో వాహనములు పోవు వైపున నిలువక, వీలైనచో ఇంటి ఆవరణలోనే ఈ పని చేసికొనవలెను. ఎండలో వేడెక్కిన రేకుపై నీరు వెంటనే ఆరిపోవును. బోరు నీటిలో సున్నపు లవణము లెక్కువగుటచే ఆరిన చోట తెల్లని మచ్చలు మిగులును.

ద్రవము కలిపిన నీటిని స్ప్రేయరులో కొంత నింపి, మిగిలినదానిలో గుడ్డలన్నియు నానబెట్టవలెను. పిమ్మట ఒక భాగముపై, ఉదాహరణకు కప్పుపై, స్ప్రేయరుతో చల్లి ఒక నిముషము ఆగవలెను. ఆ నిముషమే దుమ్ము నానుటకు అవసరము. ఒక గుడ్డను తీసి కొంచెము పిండి, రెండుసార్లు మడచినచో ఎనిమిది ముఖము లేర్పడును. ఒక ముఖముతో ఒకే దిశగా, బరువు మోపక, ఒక్కసారి తుడువవలెను. గుండ్రముగా త్రిప్పరాదు. ముఖము మాసినంతనే మడత మార్చవలెను. ఎనిమిది ముఖములును అయినచో ఆ గుడ్డను ప్రక్కన పెట్టవలెనే గాని తిరిగి శుభ్రమైన నీటిలో ముంచరాదు. వీధిలో ఒకే గుడ్డను బకెట్టులో ముంచి తీయుటవలననే అన్ని కార్లకును గీతలు పడుచున్నవి. ఇందు పనివాని దోషము లేదు. యజమాని అతనికి నాలుగు గుడ్డలు ఎక్కువ యిచ్చినచో సరిపోవును.

కప్పు, అద్దములు, ముందుభాగము, తలుపుల పైభాగము, తలుపుల క్రిందిభాగము అను వరుసలో పైనుండి క్రిందికి రావలెను. ప్రతి భాగమును తుడిచినంతనే పొడిగుడ్డతో ఆరబెట్టవలెను. చక్రములకు వేరొక గుడ్డను కేటాయించి చిట్టచివర తుడువవలెను. చక్రముల ఇనుప పొడి అంటిన గుడ్డ రంగుమీదికి ఎన్నడును పోరాదు. గుడ్డ నేలబడినచో ఉతికిన పిదపనే వాడవలెను. మాసిన గుడ్డలను ఉతుకుటకు మరియొక బకెట్టు నీరు పట్టినను మొత్తము ఇరువది లీటర్లు దాటదు.

ఈ పద్ధతి ఎప్పుడు తగదు?

జనవరి, ఫిబ్రవరి నెలలలో నాంపల్లి ఎగ్జిబిషను మైదానము పరిసరములలో నిలిపిన కారుపై పేరుకొను ధూళికి ఈ పద్ధతి చక్కగా సరిపోవును. వానకాలమున మట్టిదారిలో తిరిగి బురద గట్టిపడిన వాహనమునకు మాత్రము ఇది తగదు. అట్టి బురదపై గుడ్డ ఆనించినచో గీతలు తప్పవు. ముందుగా నాలుగైదు చెంబుల నీటితో బురదను నానబెట్టి జారవిడిచి, ఆ పిమ్మటనే పై పద్ధతి ననుసరింపవలెను.

గ్రామములలో చేయదగినది

2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని గ్రామ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరులను సమకూర్చుకొన్నవి. కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనములు సైతము పల్లెలలో పెరిగినవి. వీటిని కుళాయి గొట్టముతోనో, చెరువులో దింపియో కడుగుట వాడుక. గొట్టముతో ఎంత నీరు పోవునో ఎవరికి వారు కొలిచి చూచుకొనవచ్చును. పదిహేను లీటర్ల బకెట్టు ఒక నిముషములో నిండినచో పది నిముషములకు నూట యేబది లీటర్లు పోయినట్లు. మిషన్ భగీరథ పథకము గ్రామీణులకు తలకు రోజుకు నూరు లీటర్ల లెక్కన రూపొందింపబడినది. అనగా ఒక వాహనమును ఒకసారి కడిగినచో ఒకరికి ఒకటిన్నర దినములకు ఉద్దేశింపబడిన నీరు వ్యయమైనది. ఏప్రిలు, మే నెలలలో ఆ నీరు ఊరి చివరి కుళాయికి చేరక బిందెలు వరుసలో నిలుచును.

చెరువులో కడుగుట ఇంకను హానికరము. ఇంజను నూనె, గ్రీసు నీటిపై పొరగా తేలును. ఆ నీటినే పశువులు త్రాగును. దానిలోనే చేపలు పెరుగును. కావున పంచాయతీలు ఈ క్రింది పనులు చేపట్టవచ్చును. బావులకును చెరువునకును దూరముగా వాహనములకు ఒక స్థలమును నిర్ణయించి, వాడిన నీరు చెరువులోనికి పారకుండ గట్టు వేయించుట; త్రాగునీటి కుళాయికి గొట్టము తగిలించి వాహనములు కడుగరాదని గ్రామసభలో తీర్మానించుట; పంచాయతీ ట్రాక్టరుతోనే ఆ తీర్మానమును ఆచరణలో పెట్టుట.

ట్రాక్టరునకు కొంత భేదము కలదు. చక్రముల నంటిన మట్టి ఆరిన పిమ్మట వెదురు బద్దతో గీకి రాల్చవలెను. ఆ మట్టి చేనికే తిరిగి పోవును. రేడియేటరు ముందున్న జాలిని పొడి బ్రష్షుతో దులుపవలెను. వేడిగానున్న ఇంజనుపై చన్నీరు పోయరాదు. బ్యాటరీ, విద్యుత్తు తీగెలున్న చోట్ల తడి గుడ్డకు బదులు పొడిగుడ్డ వాడవలెను. ఇట్లు చేసినచో ట్రాక్టరునకు సైతము రెండు బకెట్లకు మించి నీరు అవసరముండదు.

ఆబిడ్సులో కారు గలవాడు ఈ పద్ధతి నేర్చిన కృష్ణలో నీరు మిగులును. మన ఊరిలో ట్రాక్టరు తోలువాడు నేర్చిన చివరి వీధి కుళాయికి నీరు చేరును. వచ్చు గ్రామసభ దినమున ఒక బకెట్టు, ఆరు గుడ్డలు తెచ్చి, పంచాయతీ కార్యాలయము ముందర పదిమంది యెదుట ఒక వాహనమును శుభ్రపరచి చూపవలెను. పిమ్మట గొట్టముతో అదే వాహనమునకు పట్టు నీటిని బకెట్లలో కొలిచి ప్రక్కన పెట్టి చూపినచో, వేరుగా ప్రచారము చేయ నక్కరలేదు.