తిరుగుడు ఆగిన ప్రేగు

ఉండుకం వాచి వచ్చే "ఇరవైనాలుగు గంటల నొప్పి" పొట్టకు కుడివైపు అడుగున వస్తుందని చెప్పగా, అమీన్‌పూర్ విద్యార్థి ఒకడు "అందరికీ అక్కడేనాండీ?" అని అడిగాడు. కాదు. కారణం పిండదశలో ఉన్నది.

ఆరవ వారంలో పొట్టలో చోటు చాలక ప్రేగు బొడ్డుత్రాడులోనికి పొడుచుకొని వస్తుంది. పదవ వారానికి తిరిగి లోనికి పోతుంది. ఈ రాకపోకలలో ఒక ధమనిని ఇరుసుగా చేసికొని, ఎదుట నిలిచి చూచేవారికి గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో, 270 డిగ్రీలు తిరుగుతుంది. మొదటి 90 డిగ్రీలతోనే ఆగినచో చిన్నప్రేగు కుడిప్రక్కన, పెద్దప్రేగు ఎడమప్రక్కన నిలిచిపోతాయి. అట్టివారికి ఆ నొప్పి ఎడమవైపే రావచ్చును. జీవితాంతం ఏ బాధా ఎరుగనివారూ ఉన్నారు.

అపాయమంతా మెలిపడటంలో ఉన్నది. సరిగా తిరిగిన ప్రేగును వెడల్పైన పొర ఒకటి వెనుకగోడకు పట్టి ఉంచుతుంది. తిరగని ప్రేగుకు ఆ పట్టు ఇరుకు. మెలిపడితే రక్తప్రసారం ఆగి, కొన్ని గంటలలోనే ప్రేగు చచ్చుబడుతుంది. పుట్టిన మొదటి నెలలోనే ఇది ఎక్కువ. బిడ్డ ఆకుపచ్చగా వాంతి చేసుకొంటుంది. పాలు కక్కితే తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చ పైత్యరసపు రంగు. దిష్టి తీసి తెల్లవారేదాకా చూద్దామనుకొనరాదు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

మెలి విప్పే శస్త్రచికిత్సను బోస్టన్ వైద్యుడు విలియం లాడ్ 1936లో వివరించాడు. నేటికీ దానినే అనుసరిస్తున్నారు. విచిత్రమేమంటే, ఇందులో ప్రేగులను మామూలు చోటికి చేర్చరు. చిన్నప్రేగును కుడికి, పెద్దప్రేగును ఎడమకు సర్దుతారు. మునుముందు ఎడమవైపు నొప్పి వైద్యుని తికమక పెట్టకుండా ఉండుకాన్ని సాధారణంగా అప్పుడే తీసివేస్తారు.