విశ్రాంతికి వెళ్తూ వివేకాన్ని ఇంట్లో వదలవద్దు

"నాన్నా, ఈసారి మీరిద్దరూ వచ్చినప్పుడు అందరం కలిసి జమైకా వెళ్దాం." అమెరికాలో ఉంటున్న మా పెద్దబ్బాయి ఫోనులో ఈ మాట అనగానే మాకు ముందు గుర్తొచ్చింది వెస్టిండీస్ క్రికెట్ జట్టు. ఆ వెంటనే ఒక సందేహం కూడా వచ్చింది. సెలవులంటే వేసవి బైబిలు బడి, క్రిస్మస్, కన్వెన్షన్ కూడికలే అని తెలిసినవాళ్లం మేము. సముద్రపు ఒడ్డున రిసార్టులో ఐదు రోజులు ఊరికే కూర్చోవడం విశ్వాసులకు తగునా?

మార్కు సువార్త 6వ అధ్యాయం మా సందేహం తీర్చింది. భోజనానికి కూడా తీరిక లేక అలసిపోయిన శిష్యులను ఏకాంత స్థలానికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమని పిలిచింది ప్రభువే. వారు వెళ్లింది కూడా దోనె ఎక్కే! ఏడాదంతా తలొక దిక్కున ఉండే కుటుంబం నాలుగు రోజులు ఒకే బల్ల దగ్గర భోజనం చేయడం దేవుడిచ్చే ఈవే. అయితే విశ్రాంతి వేరు, ఏమరుపాటు వేరు. ఈ తేడా 2023 ఫిబ్రవరిలో జమైకాలో మాకు బాగా తెలిసివచ్చింది. మీ పిల్లలు కూడా రేపు ఇలాగే పిలవవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు కాలం చూసుకోండి

మా అబ్బాయి మొదట అనుకున్నది సెప్టెంబరు నెల. గదులు సగం ధరకే వస్తున్నాయన్నాడు. ఎందుకు వస్తున్నాయో విచారిస్తే అసలు సంగతి తెలిసింది. కరీబియన్ సముద్రంలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు తుఫానుల కాలం. ఆగస్టు నడుమ నుండి అక్టోబరు నడుమ దాకా వాటి ఉధృతి మరీ ఎక్కువ. దివిసీమ ఉప్పెననూ హుద్‌హుద్‌నూ చూసిన మనకు తుఫానంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరు 28న మెలిస్సా అనే తుఫాను గంటకు 290 కిలోమీటర్లకు పైబడిన గాలులతో జమైకా నైరుతి తీరాన్ని తాకింది.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. ప్రయాణానికి కాలం మించిపోయిందని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాని మాటనే నమ్మాడు. గాలి మెల్లగా వీచేసరికి అంతా అనుకూలమేననుకుని మంచిరేవుల నుండి బయలుదేరారు. తరువాత పధ్నాలుగు రోజులు పెనుగాలిలో కొట్టుకుపోయారు. చవక ధర కూడా అలాంటి మెల్లని గాలే!

డిసెంబరు నడుమ నుండి ఏప్రిల్ నడుమ వరకు వాతావరణం పొడిగా, హాయిగా ఉంటుంది, ధరలు మాత్రం ఎక్కువ. ఏప్రిల్ చివర, మే నెలలో కొంత తగ్గుతాయి. బడి సెలవుల వల్ల వేసవిలోనే వెళ్లక తప్పనివారు దక్షిణాన వెనెజులా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బోనైర్, కురసావ్ ద్వీపాలను చూసుకోవచ్చు. తుఫానులు అటు వెళ్లడం అరుదు. ఏ కాలంలో వెళ్లినా ప్రయాణ బీమాను ముందే తీసుకోండి. తుఫానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫాను నష్టానికి సాధారణంగా వర్తించదు.

కాగితాలు, మందులు

అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు ద్వీపానికి వెళ్లే సంగతితో పాటు తిరిగి వచ్చే సంగతి కూడా ఆలోచించాలి. వారి పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ముద్ర లేకపోతే తిరుగు విమానం ఎక్కేటప్పుడు చిక్కు వస్తుంది. అలాంటివారికి ప్యూర్టోరికో మంచి మార్గం. అది అమెరికా భూభాగమే కనుక మళ్లీ ప్రవేశం అన్న ప్రశ్న రాదు. అయినా కాగితాలన్నీ వెంట ఉంచుకోవాలి. ఒక్కో ద్వీపానిది ఒక్కో నియమం కాబట్టి టికెట్టు కొనకముందే ఆ దేశపు కాన్సులేటులో అడిగి తెలుసుకోండి.

మనలాంటి పెద్దవారికి పిల్లలు చేయించే ఆరోగ్య బీమా చాలాసార్లు అమెరికా వరకే ఉంటుంది. ద్వీపంలో జబ్బు చేస్తే వర్తిస్తుందా, అవసరమైతే విమానంలో పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తుందా అని అడగండి. బీపీ, షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టవద్దు, చేతిసంచిలోనే ఉంచుకోండి.

అద్దంలాంటి నీరు

మేము దిగింది జమైకా పడమటి కొసన, నెగ్రిల్‌లో. అక్కడ సముద్రం చూస్తే మన బంగాళాఖాతంలా హోరెత్తదు. ఒడ్డున అల కూడా లేదు. ఏడేళ్ల మా మనవడు గాలి నింపిన ప్లాస్టిక్ తెప్ప మీద పడుకుని ఆడుకుంటున్నాడు. కాపలా మాదే. ఫోనులో పొద్దుట తీసిన ఫొటోలు చూస్తూ రెండు నిమిషాలు తల వంచాం. తల ఎత్తేసరికి తెప్ప వంద గజాల దూరంలో ఉంది! "నాన్నమ్మా!" అన్న కేక సన్నగా వినిపించింది.

ఆ నీరు అంత నిమ్మళంగా ఎందుకు ఉందో తరువాత తెలిసింది. ఆ ప్రాంతంలో గాలి సాధారణంగా తూర్పు నుండి వీస్తుంది. పడమటి తీరంలో అది నేల మీదుగా సముద్రంలోకి పోతుంది. ఒడ్డున అలలు లేవకపోవడానికీ, తేలికైన తెప్ప నిశ్శబ్దంగా లోపలికి కొట్టుకుపోవడానికీ కారణం ఆ గాలే. దేవుని కృపవలన ఒక జాలరి పడవ దగ్గరలోనే ఉంది. వాడు తెప్పను వదలకుండా గట్టిగా పట్టుకుని ఉండబట్టి అతడు చేరేవరకు నిలిచాడు. బాబును పడవలోకి ఎత్తుకోగానే తెప్ప గాలికి ఎగిరిపోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా కోడలు ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఇంకా భారమైంది.

అప్పటినుండి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. పిల్లలు నీటిలో ఉంటే పెద్దవారిలో ఒకరు పేరు చెప్పి కాపలా ఒప్పుకోవాలి. వారి చేతిలో ఫోను ఉండకూడదు. అరగంటకు ఒకసారి మనిషి మారాలి. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడడం లేదనే అర్థం. గాలి తెప్పలు ఈతకొలనుకే, సముద్రానికి వద్దు.

అలలున్న తీరంలో జెండాలు గమనించండి. ఎర్ర జెండా ఉంటే నీరు ప్రమాదకరం, రెండు ఎర్ర జెండాలుంటే నీటిలో దిగనే కూడదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. బలమంతా అక్కడే అయిపోతుంది. తీరం వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి.

చూపుకు రమ్యమైన పండు

కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంది. పండు చిన్న పచ్చ ఆపిల్‌లా ఉంటుంది, తియ్యని వాసన వేస్తుంది. కొరికితే నోరు, గొంతు పుండవుతాయి. వాన పడుతుంటే ఆ చెట్టు కింద నిలబడినా కారే పాలకు చర్మం బొబ్బలెక్కుతుంది. కొన్నిచోట్ల మానుకు ఎర్ర రంగు పట్టీ వేస్తారు. పేరు తెలియని పండు ముట్టవద్దని పిల్లలకు చెప్పండి. ఏదెను తోట కథ వారికి ఎలాగూ తెలుసు!

డెంగీ దోమ పగలే కుడుతుంది, దోమల మందు రాసుకోండి. మన చామనఛాయకు ఎండ ఏం చేస్తుందిలే అనుకోవద్దు, నీటి మీది ఎండ ఇంకా ఎక్కువగా కాలుస్తుంది. బరాకుడా వంటి పెద్ద చేపల్లో వండినా పోని విషం ఉండవచ్చు, వాటిని మానండి.

గోడకు లోపల, బయట

చాలా రిసార్టుల్లో చేతికి పట్టీ కట్టి, ముందే కట్టిన డబ్బులో తిండీ పానీయాలూ అన్నీ కలిపేస్తారు. మద్యం కూడా అందులోనే! "ఉచితమే కదా" అన్న మాట యౌవనస్థులకు పెద్ద శోధన. బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని దీని గురించి మాట్లాడుకోండి. కుటుంబాలకు అనువైన రిసార్టేనా అని కూడా విచారించండి, కొన్నింటిలో పిల్లలను రానివ్వరు.

బయటికి వెళ్లాలంటే పగటిపూటే వెళ్లండి. జమైకాలో అనుమతి ఉన్న టాక్సీలకు ఎర్ర నంబరు పలక ఉంటుంది. ఆదివారం మేము దగ్గరలోని చిన్న చర్చికి వెళ్లాం. వారి పాటలో, చప్పట్లలో మన ఊరి ఆరాధనే కనిపించింది. మాంటెగో బేలో శామ్ షార్ప్ పేరిట ఒక కూడలి ఉంది. ఆయన బానిస, బాప్టిస్టు సంఘపు డీకన్. 1831 క్రిస్మస్ రోజుల్లో కూలి ఇవ్వనిదే పని చేయబోమని బానిసలను కూడగట్టాడు. 1832 మే 23న ఆయనను అక్కడే ఉరితీశారు. మరుసటి ఏడాదే బ్రిటిషు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం చేసింది. 1845లో మన దేశం నుండి కూలీలను ఓడల్లో తీసుకువెళ్లింది ఆ చెరకు తోటలకే. వారు తెచ్చిన మేకమాంసం కూరను జమైకావారు నేటికీ ఇష్టంగా తింటారు. ఈ సంగతులు తెలిశాక మా గది ఊడ్చే సహోదరిని పేరు పెట్టి పలకరించకుండా, ఆమె చేతిలో నాలుగు డబ్బులు పెట్టకుండా రాలేకపోయాం.

పౌలు ఎక్కిన ఓడ చివరికి బద్దలైంది. అందులోని 276 మందీ మాత్రం ఒడ్డు చేరారు. మా తెప్ప కూడా పోయింది, మా బిడ్డ దక్కాడు. పోనివ్వవలసినది ఏదో, పట్టుకోవలసినది ఏదో ఆ రోజు ప్రభువు మాకు నేర్పాడు. మీ ప్రయాణాన్ని ప్రార్థనతో మొదలుపెట్టండి, కళ్లు తెరిచి కాపలా కాయండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడునుగాక!