బిడ్డ పేర దాచిన సొమ్ము

బిడ్డ పుట్టగానే ప్రభుత్వమే వాని పేర కొంత సొమ్ము వేస్తే ఎంత మేలని మనమందరం అనుకుంటాము. బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం 2005లో ఈ పథకాన్ని ఆరంభించింది. 2002 సెప్టెంబరు 1 మొదలుకొని పుట్టిన బిడ్డలకు 250 పౌండ్లు, పేదింటి బిడ్డలకు 500 పౌండ్లు ఇచ్చింది. 18 ఏండ్లు నిండేవరకు సాధారణంగా ఎవరూ దానిని తీయకూడదు.

2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం ఖజానా లోటును చూపి సాయాన్ని తగ్గించింది. 2011 జనవరి 3 నుండి పుట్టినవారికి పూర్తిగా ఆపివేసింది. పాత ఖాతాలు మాత్రం నిలిచాయి. 2020 సెప్టెంబరు నుండి ఆ సొమ్ము చేతికి వచ్చే వీలు కలిగినా, ఖాతా ఉన్నదనే సంగతి తెలియక లక్షలాది యౌవనస్థులు తీసుకోలేదు.

మన బంధువుల పిల్లలు ఆ సంవత్సరాలలో అక్కడ పుట్టి ఉంటే, ఈ మాట తప్పక చెప్పుదము. పిల్లల పేర దాచినదానిని వారికి తెలియజెప్పడమూ పెద్దల బాధ్యతే.