స్టెంట్ పడ్డాక హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారా?

మా బాబాయి రావులపాలెం అరటి మార్కెట్‌లో పనిచేస్తాడు. వయసు 54. పోయినేడాది స్టెంట్ పడింది. ఇప్పుడు పాలసీ తీసుకుందామంటే ఒక ఏజెంట్ ఏమన్నాడో తెలుసా? "స్టెంట్ సంగతి ఫారంలో రాయకండి, ఎవరికీ తెలీదు" అని.

తెలుస్తుందండి. మళ్లీ ఆసుపత్రిలో చేరితే పాత జబ్బుల సంగతి కేస్ షీట్‌లో రాస్తారు. క్లెయిమ్ చూసేవాళ్లు ముందు వెతికేది దాన్నే. దాచారని తేలితే డబ్బులు రావు, పాలసీ కూడా రద్దు చేయొచ్చు.

"అయిదేళ్లు నెట్టుకొస్తే అడగలేరట కదా" అంటారు కొందరు. 60 నెలలు ఆపకుండా కట్టాక జబ్బు చెప్పలేదని క్లెయిమ్ ఆపకూడదు, ఆ రూల్ నిజమే. కానీ మోసం నిరూపిస్తే అది వర్తించదు. కావాలని స్టెంట్ దాచడాన్ని ఏమంటారు మరి?

నిజం రాస్తే కంపెనీ ప్రీమియం పెంచొచ్చు, వెయిటింగ్ పెట్టొచ్చు, కుదరదనీ అనొచ్చు. ఒకళ్లు కాదంటే ఇంకోళ్లని అడగాలి. స్టార్ హెల్త్ వాళ్ల కార్డియాక్ కేర్ లాంటివి గుండె ఆపరేషన్ అయినవాళ్ల కోసమే ఉన్నాయి. పాత జబ్బులకి వెయిటింగ్ 2024 ఏప్రిల్ నుంచి ఎక్కువలో ఎక్కువ 36 నెలలే, అంతకుముందు 48 ఉండేది. ఆ మూడేళ్లూ పాలసీ దండగేం కాదు. హైవే మీద బండి యాక్సిడెంట్ అయితే మొదటి రోజు నుంచే కవర్, డెంగీ లాంటివాటికి మామూలుగా 30 రోజులు దాటాక. రెన్యువల్ మాత్రం తప్పొద్దు, తప్పితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అన్నట్టు, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్‌టీ లేదు.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న మీకు. ఆఫీసు గ్రూప్ పాలసీలో అమ్మానాన్నల్ని చేర్చుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకి కూడా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. కాకపోతే ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది, నా దృష్టిలో దాని మీదే ఆధారపడకూడదు. రేషన్ కార్డు ఉన్న ఇళ్లవాళ్లు ముందు ఎన్టీఆర్ వైద్య సేవలో అర్హత చూసుకోండి, గుండె చికిత్సలు అందులో ఉన్నాయి.

అన్నీ రాసినా క్లెయిమ్ కొట్టేశారా? ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు. అందుకే ఫారం కాపీ ఒకటి ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి.