ఊపిరియా, నాడియా? అఫ్జల్‌గంజ్‌లో జరిగిన క్లోరోఫారం విచారణ

చార్మినారు వైపునుండి నయాపూలు దాటి మూసీ ఉత్తరపు గట్టునకు చేరగానే గుంబదులతో, ఛత్రీలతో కానవచ్చు ఉస్మానియా ఆసుపత్రి భవనమును చూడని హైదరాబాదు వాసి యుండడు. అది విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి కల్పన. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, ఏడవ నిజాము కాలములో లేచినది. వరదకు పూర్వము రోగులు ఆశ్రయించినది, ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు మోసిన అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రిని. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన రాస్ పేరును మన బడిపిల్లలు సైతము ఎరుగుదురు. అంతకు దాదాపు ఒక దశాబ్దము ముందే ఈ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి లండను వైద్యపత్రికలలో వాదవివాదములకు గురియైన సంగతి మాత్రము పెద్దలకును అంతగా తెలియదు.

వివాదము క్లోరోఫారమును గూర్చినది. ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో దానిని మత్తుమందుగా ప్రవేశపెట్టెను. మూడు మాసములైనను నిండకమునుపే, 1848 జనవరి 28న, హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల ఆంగ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనుటకై ఆ మందు పీల్చి, కొద్ది నిమిషములలో కన్నుమూసెను. తరువాతి దశాబ్దములలో అట్టి మరణములు పెక్కు సంభవించెను. అందలి విశేషమేమనగా, చాలమంది చనిపోయినది గాఢమైన మత్తులో మునిగినప్పుడు కాదు. భయముతో పెనగులాడుచు, మందు పీల్చుట అప్పుడప్పుడే మొదలిడిన వేళ. ఈ చిన్న సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

కారణము విషయమున వైద్యలోకము రెండుగా చీలెను. మందు నేరుగా గుండెను ఆపివేయగలదు, కావున నాడిపై వ్రేలు తీయరాదనునది జాన్ స్నో ప్రభృతులు ఏర్పరచిన లండను సంప్రదాయము. గుండెకు భయము లేదు, ఊపిరి సాగుచున్నంతవరకు రోగి సురక్షితుడనునది ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ ఉపదేశము. ఆ సైమ్ శిష్యుడే హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగను, వైద్య పాఠశాల ప్రధానాచార్యుడుగను వచ్చిన ఎడ్వర్డ్ లౌరీ. గురువాక్యమును ప్రయోగముచే సిద్ధాంతీకరింపవలెనని ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ఖజానా తోడయ్యెను.

1888లో జరిగిన మొదటి విచారణలో 141 ఊరకుక్కలకు క్లోరోఫారమునిచ్చి చంపి చూడగా, ప్రతిసారియు ముందు శ్వాస నిలిచి, పిదప గుండె ఆగెననిరి. ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అంతట నిజాము, మీరే ఒక ప్రవీణుని పంపి కన్నులార చూడుడని, వేయి పౌనుల వ్యయమును తానే భరించెదనని కబురంపెను. ఒక దేశీయ సంస్థానాధిపతి లండను పత్రికను ఇట్లు సవాలు చేయుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ఛాతినొప్పికి అమైల్ నైట్రైటు గుణమును 1867లో లోకమునకు తెలిపిన లాడర్ బ్రంటన్ ఆ పిలుపున 1889లో ఇచటికి వచ్చెను. లౌరీ అధ్యక్షత వహింప, కలకత్తానుండి బామ్‌ఫర్డ్, నిజాము వైద్యశాఖనుండి రుస్తంజీ హకీము కూడిరి.

వారి పద్ధతిని సంగ్రహముగానైనను చెప్పక తప్పదు. జంతువు కంఠధమనిలో గొట్టము పెట్టి, రక్తపు ఒత్తిడికి పాదరసము లేచి పడునట్లు చేసి, దానిపై తేలు సన్నని ములుకు, తిరుగుచున్న పొగచూరు కాగితముపై గీత గీయునట్లు అమర్చిరి. ఊపిరి గీతను దాని సరసనే నమోదు చేసిరి. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రములు కలిసి 490 ప్రాణులపై ప్రయోగించి, గీతలన్నిటికిని ఛాయాచిత్రములు తీసిరి. గుండె ఆగునను అభిప్రాయముతో వచ్చిన బ్రంటనే, అపాయము ఊపిరాడకపోవుటవలననో మోతాదు మించుటవలననో కలుగుచున్నది గాని నేరుగా గుండెవలన కాదని లండనుకు తంతినిచ్చెను. సమగ్ర నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడెను.

గీతలు అబద్ధమాడలేదు. మందు ఎక్కువైన కొలది మెదడు అడుగుభాగమున శ్వాసను నడపు కేంద్రము మొద్దుబారును, ఊపిరి ఆగును, ప్రాణవాయువు అందక గుండె ఆగును. ఆ క్రమము సత్యమే. కాని అది మోతాదు మించిన జంతువు చావునకు సంబంధించిన సత్యము. హన్నా గ్రీనర్ చావునకు సంబంధించినది కాదు. భయపడిన మనిషి, తేలికపాటి మత్తు, ఉన్నట్టుండి చావు అను మూడును కలిసిన స్థితిని అఫ్జల్‌గంజ్‌లో ఎవరును కల్పించి చూడలేదు. అడుగని ప్రశ్నకు 490 ప్రాణులు కాదు, నాలుగువేల ప్రాణులైనను బదులీయజాలవు. లౌరీకి సమాధానము ముందే తెలుసును. అతని లోపమెల్ల అదియే యని నా తలంపు.

అబర్డీనులో మాక్‌విలియం, మత్తుతో గుండె కండరము సడలి విస్తరించుచున్నదని 1890లోనే చూపెను. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు 1893లో ఎదురు ప్రయోగములు ప్రకటించిరి. అసలు ముడి విప్పినది 1911లో గుడ్‌మన్ లెవీ. లేత మత్తులోనున్న పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కింపగా, పల్లకి మోయు బోయీలు ఒక్కొక్కరు ఒక్కొక్క దిక్కునకు అడుగు వేసినట్లు గుండె కండరపు పోగులు దేనికది అదరుచు, నెత్తురును నెట్టలేక, క్షణములలో మరణము సంభవించుచున్నదని అతడు చూపెను. ఎడ్రినలిన్ భయము కలిగినపుడు మూత్రపిండములపైనుండు గ్రంథులు వెలువరించు ద్రవ్యము. క్లోరోఫారము గుండెను దానికి అతిసున్నితముగా చేయును. లోతైన మత్తులో ఆ అపాయము తగ్గుటచేతనే అఫ్జల్‌గంజ్ గీతలలో అది కానరాలేదు.

ఇంతమాత్రమున ఆ శ్రమ వ్యర్థమనుట అన్యాయము. మందును చుక్కలుగా, గాలి ధారాళముగా ఆడు మూతతో, ఊపిరిని ఎడతెగక కనిపెట్టుచు ఇచ్చు లౌరీ పద్ధతి మోతాదు చావులను నిస్సంశయముగా తగ్గించునట్టిదే. ఆ పద్ధతిలో ఆరితేరినవారిలో, 1889లో ఇచటి వైద్య పాఠశాలనుండి ఉత్తీర్ణురాలైన పార్శీ వనిత రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమెను లెక్కింతురు. నాడి పక్షము గెలిచినదనుచు లండనువారు ఊపిరిని ఏమరియుండినచో మరింత నష్టమే జరిగెడిది.

ఏ ప్రశ్న అడుగుచున్నామో ముందే స్పష్టపడుటకై, నేడు వెన్నుపాము దెబ్బతిన్నవారిపై గాని, వైరస్ జ్వరములపై గాని, ఊపిరితిత్తుల క్యాన్సరుపై గాని క్రొత్త మందును పరీక్షించునప్పుడు, ఎట్టి రోగి, వ్యాధి ఏ దశ, దెబ్బ తగిలిన ఎన్ని గంటలకు అని ముందుగానే కాగితముపై నిర్ణయించి, చీటీలు వేసినట్లు రోగులను రెండు వర్గములుగా విభజింతురు. క్షయకు స్ట్రెప్టోమైసినును పరీక్షించి బ్రిటిషువారు 1948లో ప్రకటించిన ప్రయోగము దీనికి ప్రసిద్ధమైన ఒరవడి. మన దేశములో 2009 జూన్ నుండి ఇట్టి పరీక్షలను రోగులను చేర్చుకొనుటకు ముందే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయుట తప్పనిసరియైనది. ఫలితము చూచి ప్రశ్నను మార్చుకొను వీలు అంతమేరకు తగ్గినది.

క్లోరోఫారము శస్త్రశాలలనుండి తొలగి చాలకాలమైనది. 1956లో దాని తావున ప్రవేశించిన హాలోథేన్‌కు సైతము గుండెను ఎడ్రినలిన్‌కు సున్నితపరచు గుణము కలదని తేలినది. అందుచేత నెత్తురు కారుటను తగ్గించుటకై శస్త్రవైద్యుడు కోతచోట ఎడ్రినలిన్ ఎక్కింపబోయినప్పుడెల్ల, మత్తు ఇచ్చుచున్న వైద్యుడు ఎంత మోతాదని అడిగి, లెక్కచూచి గాని సమ్మతింపకుండుట ఆచారమైనది.