బాలే దుస్తులు: టుటు పరిణామం

బాలే నర్తకి అనగానే నడుము చుట్టూ పళ్లెంలా విచ్చుకున్న పొట్టి పావడా మీకు గుర్తుకు వస్తుంది. దీనిని ‘టుటు’ అంటారు. ఈ రూపం ఎలా ఏర్పడిందో తెలుసుకుందాం.

18వ శతాబ్దారంభంలో పారిస్ ఒపేరా నర్తకీమణులు నేలను తాకే బరువైన పావడాలు ధరించేవారు. అడుగుల విన్యాసం ప్రేక్షకులకు కనిపించేది కాదు. చురుకైన గెంతులకు పేరుపొందిన మరీ కమార్గో పావడాను చీలమండలు కనిపించేలా కుదించింది. 1832లో ‘లా సిల్ఫీడ్’లో మరీ టాలియోని ధరించిన, గంట ఆకారంలోని పలుచని తెల్ల పావడా ‘రొమాంటిక్ టుటు’కు నమూనా అయింది.

ఆ పలుచదనమే ప్రాణాంతకమైంది. అప్పట్లో రంగస్థలంపై గ్యాస్ దీపాలు ఉండేవి. బట్టకు మంట అంటకుండా రసాయనంలో ముంచే పద్ధతి ఉన్నప్పటికీ, బట్ట బిరుసెక్కి వన్నె తగ్గుతుందని ఎమ్మా లివ్రీ దానిని నిరాకరించింది. 1862 నవంబరులో రిహార్సల్ సమయంలో ఆమె పావడాకు నిప్పంటుకుంది. ఎనిమిది నెలల యాతన తరువాత, 20 ఏళ్ల వయస్సులో మరణించింది.

19వ శతాబ్దం చివరలో ఇటలీ నర్తకీమణులు కష్టమైన గిరికీలను ప్రదర్శించసాగారు. అందుకు కాళ్లు పూర్తిగా కనిపించాలి. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వర్జీనియా జూకీ పొట్టి పావడాకే పట్టుబట్టింది. ఈ మార్పుల నుంచే ‘క్లాసికల్ టుటు’ రూపొందింది. 1950లో న్యూయార్క్‌లో కరిన్‌స్కా తీగచట్రం లేని మెత్తని టుటును రూపొందించింది.

నృత్యరీతి మారినప్పుడల్లా దుస్తులు మారాయని గ్రహించండి. అయితే అందం కోసం భద్రతను వదులుకుంటే ఏమవుతుందో లివ్రీ ఉదంతం తెలుపుతుంది.